నోనా చెప్పిన మిగతా సగం

గల్ఫ్ బడుల్లో కొత్తగా చేరిన టీచర్లు అప్పుడప్పుడు నాకు ఫోన్ చేస్తుంటారు. పిల్లల చేత ఏ ప్రాజెక్టు చేయిస్తే బాగుంటుందని అడుగుతారు. "కుటుంబ చరిత్ర చేయిద్దామనుకుంటున్నాం మేడమ్. అందులో అయితే ఏ గొడవా ఉండదు కదా!" అని వాళ్ళే జవాబు కూడా చెప్పేస్తారు. గొడవ ఉండదనే నేనూ అనుకున్నాను. చేయించవద్దని చెప్పడానికి ఇది రాయడం లేదు. చేయించినందుకు నాకు పశ్చాత్తాపమూ లేదు, గర్వమూ లేదు. జరిగింది జరిగినట్టు చెబుతాను. ఆ తర్వాత మీ ఇష్టం.

మాది తెనాలి. మా ఆయన మస్కట్ పక్కన రుసైల్‌లో ఒక ఫ్యాక్టరీలో ఇంజనీరుగా చేరితే వెంట వెళ్ళాను. మొదట ఒక ఇండియన్ స్కూల్లో, తర్వాత మస్కట్‌లోనే ఒక ఇంటర్నేషనల్ స్కూల్లో చరిత్ర చెప్పి రిటైరయ్యాను. ఆ రెండో బడిలో ఒక్కో క్లాసు ఒక చిన్న విమానాశ్రయంలా ఉండేది. ఏ పిల్లని "మీది ఏ ఊరు" అని అడిగినా "ఏ ఊరు చెప్పమంటారు మిస్" అని ఎదురు ప్రశ్న వచ్చేది.

అసలా ప్రాజెక్టు ఆలోచన స్టాఫ్ రూములో పుట్టింది. మా ఫిజిక్స్ సారుది తిరునల్వేలి వైపు పల్లెటూరు. కాయితాల మీద తమిళుడు, ఇంట్లో తెలుగువాడు. ఆయన తాతల తాతలు ఎప్పుడు ఆంధ్ర వదిలి వెళ్ళారో ఆయనకే తెలీదు. ఒక ఉగాదికి మన తెలుగువాళ్ళ సభకు ఆయన్ని తీసుకెళ్తే, ఎవరో పెద్దమనిషి ఎంతో మర్యాదగా, "తెలుగు బాగా మాట్లాడుతున్నారు సార్, ఎక్కడ నేర్చుకున్నారు?" అని అడిగాడు.

"మా అమ్మ దగ్గర" అన్నాడాయన.

మర్నాడు స్టాఫ్ రూములో ఆ మాట చెప్పుకుని నవ్వుకున్నాం. "నాకు చదవను రాదు, రాయను రాదు మేడమ్. కోపమొస్తే మాత్రం తెలుగే వచ్చేది. మా ఇంట్లో అందురికీ అంతే" అన్నాడు. పక్కన కూర్చున్న స్పానిష్ టీచరుకు మా నవ్వు అర్థం కాక అడిగితే ఇంగ్లీషులో చెప్పాం. ఆవిడ స్పెయిన్‌లో ఏదో కొండప్రాంతం నుంచి వచ్చింది, అప్పటికి ముప్పై దాటి ఉండవు. "అన్ని తరాలుగా బడి లేకుండా, పుస్తకం లేకుండా భాష ఎలా నిలిచింది?" అని చాలాసేపు ఆశ్చర్యపోయింది.

ఆ వారమే తొమ్మిదో తరగతికి ప్రాజెక్టు ఇచ్చాను. ఇంట్లో అందరికంటే పెద్దవాళ్ళ దగ్గర కూర్చోండి, మనవాళ్ళు ఎక్కడి నుంచి ఎక్కడికి వచ్చారో, ఎందుకు వచ్చారో అడగండి, క్లాసులో మీ మాటల్లో చెప్పండి. ఇంటర్నెట్‌లో దొరికింది అతికించొద్దు. చివరి రోజున ఇంట్లో పెద్దవాళ్ళని కూడా పిలుద్దాం.

పిల్లలు మొదట మూలిగారు. నిజామాబాద్ వైపు నుంచి మేస్త్రీ పనికి వచ్చి ఇప్పుడు సొంతంగా సైట్లు పట్టే ఒకాయన కొడుకు మా క్లాసులో ఉండేవాడు. "మా డాడీని అడిగితే వీసా గురించే చెప్తాడు మిస్, ఇంకేం ఉండదు" అన్నాడు. "అదే చెప్పు, వింటాం" అన్నాను. ఖబూరా నుంచి వచ్చిన ఒమానీ పిల్లవాడు వాళ్ళ నాయనమ్మ ఆఫ్రికా పక్కన జాంజిబార్ దీవిలో పుట్టిందనీ, ఇప్పటికీ కోడిగుడ్లు స్వాహిలీలోనే లెక్కపెడుతుందనీ చెప్పాడు. ఒక్కో ఇంటి తలుపూ తెరుచుకుంటుంటే క్లాసుకు ఉషారు వచ్చింది.

ఇజ్మీర్ నుంచి వచ్చిన అమ్మాయి మాత్రం క్లాసులో ఏమీ చెప్పలేదు. గంట కొట్టాక ఆగి నా దగ్గరికి వచ్చింది. ఇజ్మీర్ అంటే టర్కీలో సముద్రం ఒడ్డున పెద్ద ఊరు. తండ్రి రేవు పనుల కంపెనీలో ఇంజనీరు. తాత పోయాక నాయనమ్మ వీళ్ళ దగ్గరే ఉంటోంది. ఆవిణ్ణి వాళ్ళు నోనా అంటారు.

"మిస్, మా నోనా నాతో మాట్లాడేది టర్కిష్ కాదు. ఏ భాషో నాకు సరిగ్గా తెలీదు. స్పానిష్ క్లాసులో కొన్ని మాటలు అలాగే వినపడతాయి" అంది. ఫోన్‌లో రికార్డు చేసుకొచ్చింది. ముసలావిడ గొంతు, వెనకాల ప్రెషర్ కుక్కర్ శబ్దం.

స్పానిష్ టీచర్ని పిలిచాను. ఆవిడ నిలబడే వింది. కాసేపయ్యాక కుర్చీ లాక్కుని కూర్చుంది. "మళ్ళీ పెట్టు" అంది. మళ్ళీ పెట్టింది. "ఈ 'అన్సీనా' అనే మాట మా ముత్తవ్వ అనేది. అలాగ, ఆ విధంగా అని అర్థం. మా ఊళ్ళో ఇప్పుడెవరూ అనరు. అంటే నవ్వుతారు" అని, ఆ అమ్మాయి వైపు తిరిగి "మీ నోనాని నేను చూడాలి" అంది.

మీలో కొందరికి తెలిసే ఉంటుంది. ఐదు వందల ఏళ్ళ కిందట స్పెయిన్ రాజూ రాణీ తమ దేశంలోని యూదులను మతమన్నా మారండి, లేదా దేశమన్నా వదలండి అన్నారు. వదిలి వెళ్ళినవాళ్ళను సెఫర్దీలంటారు. వాళ్ళలో చాలామందిని టర్కీ సుల్తాను తన రాజ్యంలో ఉండనిచ్చాడు. వాళ్ళు కొత్త దేశంలో స్థిరపడ్డారు కానీ ఇంట్లో పాత స్పానిష్‌నే మాట్లాడుకున్నారు. ఇది నేను ఎన్నోసార్లు పాఠంగా చెప్పిన సంగతే. ఆ పాఠం తాలూకు మనిషి అజైబాలో ఒక ఫ్లాటులో ఉంటుందనీ, మా ఇంటి నుంచి కారులో వెళ్ళేంత దూరమేననీ మాత్రం ఎప్పుడూ తట్టలేదు.

గురువారం సాయంత్రం ఇద్దరం వెళ్ళాం. నోనా ఎనభై దాటిన మనిషి, పొట్టిగా, చురుగ్గా ఉంది. స్పానిష్ టీచర్ గుమ్మంలోనే ఏదో అంది. నోనా దానికి జవాబు చెప్పింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని ఆగిపోయారు. ఆ తర్వాత ఆ సాయంత్రమంతా వాళ్ళు మాట్లాడుకుంటుంటే నేనూ ఆ పిల్లా చూస్తూ కూర్చున్నాం. మధ్య మధ్య టీచర్ నాకు ఇంగ్లీషులో చెప్పేది.

"ఈవిడ నన్ను మొద్దు పిల్లా అంటోంది. నేను భాషని పాడుచేశానట. అంత పొడుగ్గా, అంత గబగబా మాట్లాడకూడదట."

అమ్మాయికి తన ప్రాజెక్టు మీద బెంగ. "నోనా, స్పెయిన్‌లో వదిలి వచ్చిన మన ఇంటి తాళంచెవి ఉందా? అందరిళ్ళల్లో దాచుకున్నారని ఇంటర్నెట్‌లో ఉంది" అని అడిగింది.

నోనా పడీ పడీ నవ్వింది. "మీ తాత బతికినన్నాళ్ళూ కారు తాళాల కోసం రోజూ ఇల్లంతా వెతికేవాడు. ఐదు వందల ఏళ్ళ తాళంచెవి ఎవరు దాస్తారే? మా ఇంట్లో మిగిలినవి తిట్లూ, వంకాయ వంటకాలూ."

ఆ వంటకం పెట్టింది కూడా. కాల్చిన వంకాయ గుజ్జులో చీజ్ కలిపి మళ్ళీ పొయ్యిలో పెట్టి తీసింది. కారం లేకపోవడం తప్ప లోపం లేదు. తిట్లు మిగిలాయన్న మాట విని నాకు మా ఫిజిక్స్ సారు గుర్తొచ్చాడు. ఆయన సంగతి చెబితే నోనా శ్రద్ధగా విని, "ఆయన్ని కూడా తీసుకురావలసింది" అంది.

అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ ఎంతమంది అని టీచర్ అడిగింది. నోనా చెప్పబోతుండగా తలుపు తీసుకుని కొడుకు వచ్చాడు. డ్యూటీ బట్టల్లోనే ఉన్నాడు. మమ్మల్ని చూసి మర్యాదగానే పలకరించాడు, టీ తాగారా అని అడిగాడు. కానీ కూర్చోలేదు. అతను నిలబడే ఉండటంతో కాసేపటికి మేమే లేచాం.

శుక్ర శనివారాల సెలవయ్యాక ఆదివారం బడి తెరిచేసరికి అతను డిప్యూటీ హెడ్ గదిలో ఉన్నాడు. మా డిప్యూటీ హెడ్ ఒమానీ ఆవిడ, మత్రాలో పుట్టి పెరిగింది. నన్ను పిలిపించింది.

"నేను మా దేశం పౌరుణ్ణి. నా పేరు చూసి అందరూ ఒకటి అనుకుంటారు. శుక్రవారం నమాజుకి రమ్మంటారు, నాకు అంత అలవాటు లేదంటాను. నేను అబద్ధం చెప్పలేదు, ఎవరూ అడగలేదు" అన్నాడతను. "ఇప్పుడు మీ క్లాసు అడుగుతోంది."

ఆ ఏడాది ఎలాంటి ఏడాదో మీకు గుర్తుండే ఉంటుంది. ప్రతి ఇంట్లో, ప్రతి కాఫీ దుకాణంలో టీవీలో గాజాయే. మా పిల్లలు కూడా రాత్రంతా ఫోన్లలో ఆ దృశ్యాలు చూసి, ఎర్రబడిన కళ్ళతో బడికి వచ్చేవారు.

"మీ కుటుంబం స్పెయిన్ నుంచి టర్కీ వచ్చింది కదా. దానికీ దీనికీ సంబంధం ఏముంది?" అని అడిగాను.

"ఆ మాట మీరు నాకు చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళందరికీ చెప్పగలరా?" అన్నాడు.

చెప్పలేను. ఉద్యోగం అతనిది, ఇల్లు అతనిది. బస్సెక్కి రోజూ బడికి రావలసింది అతని కూతురు. డిప్యూటీ హెడ్ అతని వైపు చూసి, "మీరు వద్దన్నది మీ అమ్మాయి చెప్పదు. ఇజ్మీర్ నుంచి ఉద్యోగానికి వచ్చారు, అంతవరకే చెబుతుంది" అంది. నేనూ సరేనన్నాను. ఇప్పుడు అడిగినా సరేననే అంటాను.

అమ్మాయికి చెప్పడం నా పని. లైబ్రరీ వెనక వరండాలో చెప్పాను. ఆ అమ్మాయికి మా క్లాసులో ఒకే ఒక్క ప్రాణస్నేహితురాలు. ఆ పిల్ల కుటుంబానిది జోర్డాన్ పాస్‌పోర్టు, అసలు ఊరు పాలస్తీనాలో యాఫా దగ్గర పల్లె. నాలుగో తరగతి నుంచి ఇద్దరూ ఒకే సీట్లో కూర్చుంటారు.

"దానికి తెలుసు మిస్, మేమెవరమో. ఎప్పుడో చెప్పాను. అది ఏమీ అనలేదు. అది వాళ్ళ తాతయ్య కథ చెప్పొచ్చు, నేను మా నోనా కథ చెప్పకూడదా?"

"ఇప్పుడు వద్దు. పెద్దయ్యాక నీ కథ నువ్వే చెప్పుకోవచ్చు, ఎవరూ ఆపరు."

"అప్పటికి నోనా ఉండదు మిస్" అంది.

నా జవాబు కోసం ఆగకుండా క్లాసుకి వెళ్ళిపోయింది.

చివరి రోజున లైబ్రరీలో కుర్చీలు వేయించాం. ఖర్జూరాలూ, కహ్వా అనే అరబ్బీ కాఫీ ఫ్లాస్కులూ పెట్టించాం. రకరకాల దుస్తుల్లో ముసలివాళ్ళు వచ్చి కూర్చుంటే లైబ్రరీకి కొత్త కళ వచ్చింది. ఖబూరా నాయనమ్మ బుర్ఖా సర్దుకుంటూ మా డిప్యూటీ హెడ్‌తో స్వాహిలీలో ముచ్చట్లు మొదలుపెట్టింది. డిప్యూటీ హెడ్ కూడా స్వాహిలీలోనే జవాబు చెప్పడం నేను మొదటిసారి విన్నాను. నోనా వచ్చింది. కూతురు బతిమాలితే తండ్రి కాదనలేకపోయాడట, కానీ కాపలాగా తనూ వచ్చి పక్క కుర్చీలో కూర్చున్నాడు. స్పానిష్ టీచర్ వెళ్ళి నోనాకు ఇంకో పక్కన కూర్చుంది. జరుగుతున్నది ఆవిడ చెవిలో అనువాదం చేస్తోంది.

మొదట కొందరు పిల్లలు చెప్పారు. నిజామాబాద్ పిల్లవాడు వాళ్ళ నాన్న వీసా కథే చెప్పాడు. ఏజెంటు మోసం, ఎడారి సైటు, ఒక రూమ్‌లో పన్నెండు మంది. నవ్విస్తూనే చెప్పాడు. వాళ్ళ నాన్న తల వంచుకుని చేతులు చూసుకున్నాడు.

ఆ తర్వాత స్నేహితురాలి వంతు. వాళ్ళ తాతగారు కర్ర పట్టుకుని ఆ పిల్ల పక్కనే నిలబడ్డారు. ఆయన అరబ్బీలో చెబుతుంటే మనవరాలు ఇంగ్లీషులో చెప్పింది. యాఫాకి కొంచెం దూరంలో ఊరు. నాన్నకి నారింజ తోట. వారం వారం నాన్నతో బండి మీద యాఫా బజారుకి వెళ్ళేవారాయన. ఇజ్రాయెల్ దేశం ఏర్పడిన ఏడాది వసంతంలో తుపాకుల మోత దగ్గరికి వచ్చింది. కొద్ది రోజుల్లో తిరిగొస్తామనుకుని దుప్పట్లు మాత్రం తీసుకుని నడిచారు. ఆయన చెల్లెలు దారిలో జ్వరంతో పోయింది. చెప్పడం పూర్తయ్యాక ఆయన, "ఇంతే" అన్నారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కొట్టాలో వద్దో తెలీలేదు.

ఆ వెంటనే మా ఇజ్మీర్ అమ్మాయి వంతు రావడం నా ఖర్మ. వరస నేనే వేశాను, పేర్ల అక్షరాలను బట్టి.

"మాది ఇజ్మీర్. మా నాన్నకి ఇక్కడ ఉద్యోగం వచ్చింది. విమానంలో వచ్చాం" అంది. "అంతే" అని కూర్చోబోయింది.

నోనా లేచి నిలబడింది.

కొడుకు ఆవిడ చెయ్యి పట్టుకుని టర్కిష్‌లో ఏదో అన్నాడు. ఆవిడ చెయ్యి విడిపించుకుంది. "కూర్చో" అన్నదని, భాష రాకపోయినా అందరికీ అర్థమైంది. ఆవిడ తన పాత స్పానిష్‌లో మొదలుపెట్టింది. టీచర్ నా వైపు చూసింది. నేను డిప్యూటీ హెడ్ వైపు చూశాను. ఆవిడ కళ్ళు మూసి తెరిచింది. అదే అనుమతి అనుకున్నాం. టీచర్ ఇంగ్లీషులో చెప్పడం మొదలుపెట్టింది.

"ఆ పెద్దాయన ఉన్నది ఉన్నట్టు చెప్పారు. ఆయన ఎదురుగా నా మనవరాలు సగం చెప్పి కూర్చుంటే నాకు బాగోలేదు. మేము యూదులం. మమ్మల్ని స్పెయిన్ నుంచి వెళ్ళగొట్టారు. ముస్లిం సుల్తాను ఉండనిచ్చాడు. అది మా పిల్లలకి గొప్పగా చెప్పే సగం. మిగతా సగం కూడా ఉంది."

కొడుకు ముఖం చేతుల్లో పెట్టుకున్నాడు.

"నాకు ఎనిమిదేళ్ళప్పుడు మా అక్క, బావ ఇజ్మీర్ రేవులో ఓడెక్కి ఇజ్రాయెల్ వెళ్ళారు. మా వీధిలో సగం మంది వెళ్ళారు. అక్కకి వెళ్ళాలని లేదు, బావకి ఉంది. వాళ్ళకి యాఫాలో ఒక ఇంట్లో గది ఇచ్చారు. ఆ ఇల్లు వేరేవాళ్ళది. అలమరలో గిన్నెలు అలాగే ఉన్నాయట. పెరట్లో నిమ్మచెట్టు ఉంది, కాయలతో. ఆ ఇల్లు ఎవరిదని అక్క అందరినీ అడిగింది. ఎవరూ చెప్పలేదు. తర్వాత అడగడం మానేసింది. చాలా ఏళ్ళ తర్వాత నన్ను చూడటానికి వచ్చినప్పుడు ఇది నాకు చెప్పింది. ఆ కాయలు కోసుకుని తిన్నామే, అంది."

టీచర్ చివరి వాక్యం రెండుసార్లు చెప్పింది. స్నేహితురాలు అదంతా తన తాతగారికి అరబ్బీలో చెప్పింది.

ఆయన "ఏ వీధి?" అని అడిగారు.

మాట అరబ్బీ నుంచి ఇంగ్లీషుకి, ఇంగ్లీషు నుంచి పాత స్పానిష్‌కి వెళ్ళింది. జవాబు అదే దారిన వెనక్కి వచ్చింది.

"నాకు తెలీదు. తెలిస్తే చెప్పేదాన్ని."

ఆయన లేచారు. ఎవరినీ ఏమీ అనలేదు. కర్ర తీసుకుని మనవరాలి భుజం మీద చెయ్యి వేసి బయటికి నడిచారు. ఆ పిల్ల తలుపు దగ్గర ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. కోపమో ఏమిటో నాకు తెలీలేదు. మా అమ్మాయి మాత్రం తల ఎత్తలేదు.

మిగిలిన పిల్లలు ఆ రోజు చెప్పలేదు. డిప్యూటీ హెడ్ లేచి, తన తల్లి కూడా తిరుగుబాటు రోజుల్లో జాంజిబార్ నుంచి ప్రాణాలు దక్కించుకుని వచ్చిందనీ, ఇప్పటికీ ఇంట్లో వంట స్వాహిలీలోనే జరుగుతుందనీ మామూలు గొంతుతో చెప్పింది. "ఇక్కడ విన్నవి మన ఇంట్లో మాటలు. మన ఇంట్లో మాటల్లాగే ఉంచండి. కహ్వా చల్లారిపోతోంది, తీసుకోండి" అంది. తీసుకున్నారు. ఇజ్మీర్ కుటుంబం వైపు ఎవరూ వెళ్ళలేదు. ఖబూరా నాయనమ్మ మాత్రం తన కప్పు పట్టుకుని వెళ్ళి నోనా పక్కన కూర్చుంది. ఇద్దరికీ ఒక్క మాట కూడా కలవదు.

తర్వాత జరిగినవి క్లుప్తంగా చెబుతాను. ఇద్దరు తల్లిదండ్రులు ఫిర్యాదు చేశారు. డిప్యూటీ హెడ్ స్వయంగా ఫోన్ చేసి మాట్లాడింది. ఏం మాట్లాడిందో నాకు చెప్పలేదు, నేను అడగలేదు. ఇజ్మీర్ ఇంజనీరు ఉద్యోగం పోతుందని సామాన్లు సర్దుకునేంత పని చేశాడు. కంపెనీలో ఎవరూ ఏమీ అనలేదు. శుక్రవారం నమాజుకి రమ్మని పిలవడం మాత్రం మానేశారట. అదొక్కటే తేడా అని తర్వాత అతనే చెప్పాడు. చెప్పేటప్పుడు తేలికపడ్డట్టూ ఉన్నాడు, కొంచెం వెలితి పడ్డట్టూ ఉన్నాడు.

నన్ను అతను క్షమించాడో లేదో తెలీదు. ఎదురుపడితే తల ఊపేవాడు.

స్నేహితురాళ్ళిద్దరూ విడిపోయారు. ఒకరు బస్సులో ముందు, ఇంకొకరు వెనక. క్లాసులో కూడా సీట్లు మార్చుకున్నారు. నేను కలపడానికి ప్రయత్నించలేదు. ఏం చెప్పి కలుపుతాను? చెరో ఇంట్లోనూ వాళ్ళవాళ్ళ దుఃఖం ఉంది. టీచరు వెళ్ళి షేక్ హ్యాండ్ ఇప్పిస్తే తీరేది కాదు. ఆ చలికాలం అలాగే గడిచింది. వేసవి పరీక్షలకి ముందు ఒక మధ్యాహ్నం క్యాంటీన్ మెట్ల మీద ఇద్దరూ కూర్చుని ఉన్నారు. పరోటాలో చిప్స్ నలిపి పెట్టుకుని ఒకే పొట్లం పంచుకుని తింటున్నారు. నేను చూడనట్టు పక్క నుంచి వెళ్ళిపోయాను. ఎలా కలిశారో ఇప్పటికీ తెలీదు.

మరుసటి ఏడాది ఆ ప్రాజెక్టు వద్దని డిప్యూటీ హెడ్ నెమ్మదిగా చెప్పింది. దానికి బదులు ఫలజ్‌ల మీద చేయించాం. ఫలజ్ అంటే అక్కడి పల్లెల్లో పాతకాలం నీటికాలవ. నీళ్ళ మీద ఎవరికీ కోపం రాదనుకున్నాం. మా కాలవ పాతదంటే మా కాలవ పాతదని బహ్లా పిల్లవాడూ, పక్క ఊరి పిల్లవాడూ చొక్కాలు పట్టుకున్నారు. చరిత్ర చెప్పేవాళ్ళకి సురక్షితమైన పాఠం అంటూ ఉండదని అప్పుడు నాకు అర్థమైంది.

ఆ ఏడాది చలికాలంలో నోనా పోయింది. నిద్రలోనే. ఇజ్మీర్ తీసుకెళ్ళి భర్త పక్కన ఖననం చేసి, కుటుంబం తిరిగి మస్కట్ వచ్చింది. నేనూ స్పానిష్ టీచరూ ఫిజిక్స్ సారూ పరామర్శకి వెళ్ళాం. ఫిజిక్స్ సారు నోనాని ఒక్కసారే కలిశాడు. ఇద్దరూ ఎవరి భాషలో వాళ్ళు తిట్లు చెప్పుకుని నవ్వుకున్నారట. టీచర్ గదిలోకి రాగానే ఏడ్చేసింది. ఆవిడతో నోనా భాషలో ధారాళంగా మాట్లాడేవాళ్ళు ఇక మస్కట్‌లో ఎవరూ లేరు.

మేము కూర్చుని ఉండగా గంట మోగింది. కొడుకు వెళ్ళి తలుపు తీసి అలాగే నిలబడిపోయాడు. గుమ్మంలో ఆ తాతగారు, పక్కన మనవరాలు. లైబ్రరీ రోజు తర్వాత ఆయన ఆ కుటుంబాన్ని చూడటం అదే మొదలు.

"రండి" అన్నాడు కొడుకు.

ఆయన వచ్చి కూర్చున్నారు. మా అమ్మాయి కాఫీ తెచ్చి ఇచ్చింది. ఆయన తీసుకున్నారు. కప్పు ఖాళీ చేసి బల్ల మీద పెట్టి మనవరాలితో ఏదో అన్నారు.

"మీ అమ్మగారి అక్క ఉన్నారా అని అడుగుతున్నారు తాతయ్య" అంది ఆ పిల్ల.

కొడుకు జంకుతూనే చెప్పాడు. "ఉంది. తొంభై దాటింది. అక్కడే, ఇజ్రాయెల్‌లో ఒక వృద్ధాశ్రమంలో ఉంటోంది. అమ్మ పోయిందని ఫోన్‌లో చెప్పాం."

తాతగారు విని తల ఊపారు. కర్ర మీద చేతులు వేసుకున్నారు. తర్వాత ఒక్క వాక్యం అన్నారు. మనవరాలు దాన్ని అనువదించే ముందు స్నేహితురాలి వైపు చూసింది.

"మళ్ళీ ఫోన్ చేసినప్పుడు, చెల్లెలు పోయిన ఆవిడకి నా సానుభూతి కూడా చెప్పండి అంటున్నారు."

కొడుకు చెబుతానన్నాడు. ఆ మాట ముందు ఇంగ్లీషులో అన్నాడు. తర్వాత ఆయన దగ్గరికి వెళ్ళి, తనకి వచ్చిన కొద్దిపాటి అరబ్బీలో మళ్ళీ అన్నాడు.